కోడి రక్షక కణాలు, కణితి వైరస్‌లు

కోళ్లలో కనిపించే కణితుల్లో ఎక్కువ భాగానికి మూలం వైరస్‌లే. వాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది హెర్పిస్ కుటుంబానికి చెందిన మారెక్స్ వైరస్. రెండోది రెట్రోవైరస్‌లలోని ఏవియన్ ల్యూకోసిస్ వైరస్. మూడోది మరో రెట్రోవైరస్ అయిన రెటిక్యులోఎండోథీలియోసిస్ వైరస్. మూడింటి దారులూ వేరు, వేగాలూ వేరు. అయినా మూడూ కోడి రోగనిరోధక కణాలనే ఎక్కువగా ఆశ్రయిస్తాయి. వైరస్‌ను చంపాల్సిన కణమే దానికి చోటిస్తుంది, దాన్ని ఒళ్లంతా తిప్పుతుంది, కొన్నాళ్లకు తానే కణితిగా మారుతుంది. కోళ్ల వైద్యంలో ఇంత చిక్కైన అధ్యాయం ఇంకొకటి లేదనే చెప్పాలి. మనిషి క్యాన్సర్ శాస్త్రానికి ఇంతగా దారి చూపిన పశువైద్య అధ్యాయం కూడా ఇంకొకటి దొరకదు. ఈ వైరస్‌లు మనుషుల్లో జబ్బు కలిగిస్తాయనడానికి ఆధారం లేదు.

శంషాబాద్ చుట్టుపక్కల

ఈ వైరస్‌ల సంగతిని దగ్గరి ఊళ్ల నుంచే మొదలుపెడదాం. రావిర్యాల రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని ఊరు. శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పున, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంటుంది. 2008లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ ప్రాంతపు పొలాలు చాలావరకు వెంచర్లుగా మారాయి. అయినా మహేశ్వరం, శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్ వైపు పల్లెల్లో కోళ్ల షెడ్లు ఇంకా ఉన్నాయి, పెరళ్లలో నాటుకోళ్లూ ఉన్నాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అందుకని ఈ వైరస్‌ల సంగతి తెలుగు రైతుకు ఎక్కడో దూరపు విషయం కాదు.

శంషాబాద్ నుంచి నగరంలోకి వచ్చే దారిలో ఉన్న రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనకు దేశంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో ఇక్కడ కోళ్ల ప్రాజెక్టు డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. ఇప్పుడు దాన్ని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అంటున్నారు. పెరటి పెంపకం కోసం రూపొందిన వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు ఇక్కడివే. అసీల్, కడక్‌నాథ్, నికోబారీ, ఘాగస్ వంటి దేశీ జాతుల మందలనూ ఈ సంస్థ పోషిస్తోంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కూడా రాజేంద్రనగర్‌లోనే ఉంది. టీకా గుణం, జాతి గుణం, షెడ్డు శుభ్రత కలిస్తేనే కణితి వైరస్‌లను అదుపులో పెట్టగలం. ఆ మూడింటినీ ఒకేచోట చూసే అవకాశం ఇలాంటి సంస్థలకే ఉంటుంది.

కోడి రక్షణ వ్యవస్థ

మనిషికి మెడ దగ్గర, చంకల్లో తగిలే లింఫు గ్రంథుల వంటివి కోడికి ఉండవు. దాని రక్షక కణాలకు రెండు పుట్టిళ్లు. మెడకు ఇరువైపులా గొలుసులా పరుచుకున్న థైమస్‌లో టి కణాలు తయారవుతాయి. మలద్వారం పైన చిన్న సంచిలా ఉండే బర్సాలో బి కణాలు ఎదుగుతాయి. ఇవి పరిణతి చెందాక ప్లీహం, పేగు గోడలు, పేగుచివరి టాన్సిల్స్, కనుగుడ్డు వెనకుండే హార్డేరియన్ గ్రంథి వంటి చోట్ల స్థిరపడతాయి. కోడి గుడ్లకు వచ్చే వయసుకు బర్సా కుంచించుకుపోతుంది.

ఈ బర్సాను పడువా నగరపు శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ వర్ణించాడు. ఆయన మరణానంతరం 1621లో అచ్చయిన పుస్తకంలో ఆ వర్ణన ఉంది. అదెందుకుందో మాత్రం మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ అర్థం కాలేదు. 1950ల్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి చిన్న కోడిపిల్లల్లో బర్సాను కోసి తీసేసి, ఏమవుతుందో గమనిస్తున్నాడు. తోటి విద్యార్థి టిమోతీ చాంగ్‌కు తరగతిలో ప్రతిరక్షకాలు ఎలా తయారవుతాయో చూపించడానికి కోళ్లు కావలసి వచ్చాయి. గ్లిక్ దగ్గరున్న కోళ్లనే తీసుకుని సాల్మొనెల్లా ఎక్కించాడు. బర్సా లేని కోళ్లలో ప్రతిరక్షకాలు పుట్టలేదు. తరగతి పాఠం విఫలమైంది గానీ పెద్ద సత్యం బయటపడింది. ఆ వ్యాసాన్ని సైన్స్ పత్రిక తిప్పి పంపితే 1956లో పౌల్ట్రీ సైన్స్ పత్రిక అచ్చువేసింది. తర్వాత 1965లో మ్యాక్స్ కూపర్ బృందం బి, టి కణాలు రెండు వేర్వేరు వంశాలని కోళ్లలోనే నిరూపించింది. మన రక్తపరీక్షల్లో డాక్టర్లు రాసే బి కణాల్లోని ఆ బి అక్షరం బర్సా నుంచి వచ్చిందే.

బి, టి కణాలు రంగంలోకి దిగేలోపు మరికొన్ని కణాలు ముందు కావలి కాస్తాయి. మనిషిలో న్యూట్రోఫిల్‌లు చేసే పనిని కోడిలో హెటిరోఫిల్‌లు చేస్తాయి. భక్షక కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, సూక్ష్మజీవులను మింగి నైట్రిక్ ఆక్సైడ్‌ను వెలువరిస్తాయి. సహజ హంతక కణాలు చెడిపోయిన కణాలను గుర్తించి చంపుతాయి. గామా-డెల్టా టి కణాలనే వర్గం మనిషి రక్తంలో స్వల్పంగా ఉంటుంది, కోడిలో మాత్రం టి కణాల్లో పెద్ద వాటా వీటిదే. ఈ కణాలు ఇంత పెద్ద సంఖ్యలో ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఇటీవలి మారెక్స్ పరిశోధనలు కొంత జవాబిచ్చాయి. దాని ప్రస్తావన కింద వస్తుంది.

మారెక్స్ వైరస్ నడక

హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో కాళ్లూ రెక్కలూ పడిపోయిన నాలుగు పుంజులను వర్ణించాడు. అదేదో నరాల వాపు జబ్బు అనుకున్నారు. కాళ్లు పడిపోవడం, లోపల కణితులు పెరగడం ఒకే జబ్బు పనులని తేలడానికి అరవై ఏళ్లు పట్టింది. 1967లో ఇంగ్లండులోని హౌటన్ కోళ్ల పరిశోధన కేంద్రంలో చర్చిల్, పీటర్ బిగ్స్ దీని కారకం హెర్పిస్ వైరస్ అని తేల్చారు. అమెరికాలో ఈస్ట్ లాన్సింగ్ పరిశోధకులు కూడా దాదాపు అప్పుడే అదే నిర్ణయానికి వచ్చారు.

షెడ్డులో దుమ్ము లేస్తుంది. అందులో ఈకల మొదళ్ల నుంచి రాలిన పొట్టు ఉంటుంది, పొట్టులో వైరస్ ఉంటుంది. కోడిపిల్ల దాన్ని పీల్చుకుంటుంది. ఊపిరితిత్తుల్లోని భక్షక కణాలు ఆ పొట్టును మింగుతాయి. వాటి విధి అదే. ఆ విధిని నిర్వర్తిస్తూనే అవి వైరస్‌ను ప్లీహానికీ, థైమస్‌కూ, బర్సాకూ చేరవేస్తాయి. అక్కడ మూడో రోజు నుంచి ఆరేడు రోజుల దాకా వైరస్ ప్రధానంగా బి కణాల్లో విజృంభించి వాటిని పగలగొడుతుంది. బర్సా, థైమస్ కుదించుకుపోతాయి. కాక్సిడియా, ఇ.కోలి వంటి ఇతర జబ్బులు ఈ బలహీన దశలోనే దూరుతాయి. రైతు వాటికి మందు పోస్తాడు, అసలు కారణం వేరే ఉందని తెలియదు.

బి కణాలు దెబ్బతింటే వాటికి సాయంగా టి కణాలు ఉత్తేజితమై పరుగెత్తుకొస్తాయి. వైరస్‌కు కావలసింది సరిగ్గా అదే. విశ్రాంతిలో ఉన్న టి కణాల కంటే ఉత్తేజితమైన టి కణాల్లోకి అది సులువుగా దూరుతుంది. పక్కనున్న కణాలను పిలిచే సంకేతాన్ని పోలిన ప్రోటీన్ ఒకదాన్ని వైరస్ తానే తయారుచేస్తుంది. దాన్ని వైరల్ ఇంటర్‌ల్యూకిన్-8 అంటారు. రక్షణకు పిలిచినట్టే పిలిచి, వచ్చిన కణాలను పట్టుకోవడం దాని ఎత్తు. వారం దాటేసరికి సిడి4 అనే రకం టి కణాల్లో వైరస్ నిద్రావస్థలోకి వెళ్తుంది. ప్రోటీన్లు తయారుచేయడం దాదాపు ఆపేస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు కణం పైన కనిపించవు. క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లలో తన జన్యు పదార్థాన్ని కలిపేసుకుంటుంది. అప్పటి నుంచి ఆ కణం ఎన్నిసార్లు విడిపోతే వైరస్ అన్నిసార్లు రెట్టింపవుతుంది.

కొన్ని కోళ్లలో కథ అక్కడితో ఆగుతుంది. జన్యువులో బలం లేని కోళ్లలో రెండో, మూడో వారంలో వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. మూడు, నాలుగు వారాల తర్వాత కొన్ని టి కణాలు అదుపు తప్పి పెరగడం మొదలుపెడతాయి. దీని వెనక ప్రధాన పాత్ర మెక్ అనే జన్యువుది. 1992లో గుర్తించిన ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్, కణం ఎదుగుదలను నడిపే జున్, ఫాస్ ప్రోటీన్లను పోలి ఉంటుంది. మెక్‌ను తీసేసిన వైరస్ కోడిలో పెరగగలదు, కణితులు మాత్రం కలిగించలేదు. కోడి టెలోమెరేజ్ ఆర్‌ఎన్‌ఏకు నకలు వంటి భాగమూ వైరస్‌లో ఉంది. రోగనిరోధక కణాల పెరుగుదలను నియంత్రించే ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏకు కూడా అది నకలు తయారుచేసుకుంది. కోడి నుంచి ఎత్తుకెళ్లిన పనిముట్లతోనే కోడి కణాన్ని తిప్పేస్తుందన్నమాట.

ఈ కణితి కణాల మీద సిడి30 అనే గుర్తు మితిమీరి కనిపిస్తుంది. మనుషుల్లో హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ ఇదే గుర్తు ఉంటుంది. కొన్ని కణితుల్లో నియంత్రక టి కణాల లక్షణాలు కూడా కనబడ్డాయి. మామూలుగా ఇవి రోగనిరోధక చర్య శ్రుతి మించకుండా అదుపు చేసే కణాలు. అవే కణితిగా మారితే చుట్టూ ఉన్న హంతక కణాలను నిద్రపుచ్చుతాయి. కణితి తన రక్షణను తానే చూసుకుంటుంది.

బయటికి కనబడేవి రైతుకు తెలిసిన లక్షణాలే. ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి కోడి పడిపోతుంది. రెక్క వాలుతుంది. కంటిపాప చుట్టూ ఉండే వలయం రంగు మారి బూడిదగా, పాప అంచులు వంకరగా అవుతాయి. కోసి చూస్తే తొడ నరం ఒకవైపు తాడులా ఉబ్బి ఉంటుంది. కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, అండాశయం, చర్మం, జీర్ణాశయం ఎక్కడైనా తెల్లటి గడ్డలు ఉండవచ్చు. ఎక్కువగా నాలుగైదు వారాలు దాటిన పిల్లల్లో మొదలై గుడ్లకు వచ్చే వయసులో నష్టం బయటపడుతుంది. మేతకు డబ్బంతా పెట్టాక కోడి పోవడమే రైతుకు అసలు దెబ్బ.

ఎదురు దెబ్బ

ఇంత తెలివైన వైరస్ ముందు కోడి చేతులు ముడుచుకుని కూర్చోదు. తొలి రోజుల్లో భక్షక కణాల నైట్రిక్ ఆక్సైడ్, గామా ఇంటర్‌ఫెరాన్ కలిసి వైరస్ పెరుగుదలను అణచివేస్తాయి. సహజ హంతక కణాలు బలంగా ఉన్న జాతుల్లో వైరస్ మోతాదు తక్కువగా ఉంటుంది. తర్వాత సిడి8 హంతక టి కణాలు వస్తాయి. ఇవి వైరస్ ప్రోటీన్ల ముక్కలను సోకిన కణం పైన గుర్తుపట్టి చంపుతాయి. మెక్, పిపి38, గ్లైకోప్రోటీన్-బి, ఐసిపి4 వంటివి వీటికి గురిగా నిలుస్తాయి.

ప్రతిరక్షకాలు ఇక్కడ పెద్దగా ఉపయోగపడవు. కారణం స్పష్టం. మారెక్స్ వైరస్ ఈకల మొదళ్లలో తప్ప ఒంట్లో మరెక్కడా స్వేచ్ఛగా బయటికి రాదు, కణం నుంచి కణానికి నేరుగా పాకుతుంది. రక్తంలో తిరిగే ప్రతిరక్షకానికి అది దొరకదు. తల్లి నుంచి పచ్చసొన ద్వారా పిల్లకు వచ్చే ప్రతిరక్షకాలు మొదటి వారాల్లో జబ్బును కొంత ఆలస్యం చేస్తాయి, అంతే.

బి కణాల పాత్ర గురించి దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు ఒకే మాట చెప్పాయి: వైరస్ ముందు బి కణాల్లోనే పెరగాలి, అవి లేకపోతే జబ్బే లేదు. 2018లో జర్మనీ పరిశోధకులు బి కణాలే పుట్టని జన్యుమార్పిడి కోళ్లకు మారెక్స్ వైరస్ ఎక్కించారు. వైరస్ నేరుగా టి కణాల్లోకి వెళ్లింది, కణితులూ వచ్చాయి. వైరస్‌కు బి కణం అనువైన మెట్టు మాత్రమే, తప్పనిసరి మెట్టు కాదని తేలింది. గామా-డెల్టా టి కణాలు లేని కోళ్లతో 2024లో వెలువడిన అధ్యయనంలో వైరస్ ఎక్కువగా పెరిగింది, కణితులూ ఎక్కువయ్యాయి. కోడిలో ఈ కణాలు అంత సంఖ్యలో ఉండటం వృథా కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఒక పాఠం చెరిగిపోయి ఇంకో పాఠం మొదలవడం ఈ శాస్త్రంలో తరచూ జరిగే పనే.

ఏ కోడి బతుకుతుంది, ఏ కోడి పోతుంది అన్నది చాలావరకు బి కాంప్లెక్స్ అనే జన్యు సముదాయం మీద ఆధారపడి ఉంటుంది. సోకిన కణం తన లోపలి ప్రోటీన్ ముక్కలను పైకెత్తి టి కణాలకు చూపించే పళ్లెం లాంటి అణువులు ఈ జన్యువుల నుంచి వస్తాయి. మనిషిలో ఇలాంటి అణువులు ఎక్కువ రకాలు ఒకేసారి పనిచేస్తాయి. కోడిలో ప్రధానంగా ఒకే రకం పైచేయిగా ఉంటుంది. ఆ ఒక్కటి సరైనదైతే కోడి గట్టెక్కుతుంది, కాకపోతే లేదు. బి21 రకం ఉన్న కోళ్లు మారెక్స్‌ను బాగా తట్టుకుంటాయని 1970ల నుంచే తెలుసు. బి21 అణువు గాడి వెడల్పుగా ఉండి రకరకాల ప్రోటీన్ ముక్కలను పట్టుకోగలదని తర్వాత శాస్త్రవేత్త జిమ్ కౌఫ్‌మన్ బృందం చూపించింది. బి19 ఉన్న కోళ్లు తేలికగా లొంగిపోతాయి. అయితే అంతా ఈ సముదాయంలోనే లేదు. ఈస్ట్ లాన్సింగ్ ప్రయోగశాల పెంచిన 6, 7 అనే రెండు వంశాలకు బి కాంప్లెక్స్ ఒకటే. అయినా 6వ వంశం జబ్బును తట్టుకుంటుంది, 7వది తట్టుకోలేదు. మిగతా జన్యువుల సంగతి ఇంకా పరిశోధకుల బల్ల మీదే ఉంది.

ల్యూకోసిస్: పరాయితనం తెలియని పిల్ల

1908లో డెన్మార్క్‌లో ఎల్లర్‌మన్, బాంగ్ అనే ఇద్దరు కోళ్ల రక్తక్యాన్సర్‌ను కణాలు లేని వడపోత ద్రవంతో మరో కోడికి అంటించారు. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ ఒక ప్లిమత్ రాక్ పెట్ట ఛాతీ కణితితో అదే పని చేశాడు. వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందన్న మాటను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. రౌస్‌కు 1966లో నోబెల్ వచ్చేనాటికి ఆయన వయసు 87. ఈ వైరస్ మీద చేసిన పని నుంచే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఆ తర్వాత క్యాన్సర్ జన్యువు మన సొంత కణాల నుంచే వచ్చిందన్న ఆవిష్కరణ పుట్టాయి. వాటికి 1975లో, 1989లో నోబెళ్లు దక్కాయి.

రైతు షెడ్డులో ఎదురయ్యే ల్యూకోసిస్ వేరు దారిలో నడుస్తుంది. వైరస్ సోకిన తల్లిపెట్ట తెల్లసొన ద్వారా దాన్ని గుడ్డులోని పిండానికి ఇస్తుంది. రోగనిరోధక వ్యవస్థ ఇంకా స్వపర భేదం నేర్చుకుంటున్న దశలోనే వైరస్ లోపల ఉండటంతో పిల్ల దాన్ని తనలో భాగంగానే లెక్కవేసుకుంటుంది. అలాంటి కోడి రక్తం నిండా వైరస్ ఉంటుంది, ప్రతిరక్షకం ఒక్కటీ ఉండదు. చూడటానికి మామూలుగానే ఉంటుంది, గుడ్లు పెడుతుంది, జీవితాంతం వైరస్‌ను వెదజల్లుతుంది. గుడ్డు నుంచి బయటికొచ్చిన తర్వాత వైరస్ సోకిన కోడి మాత్రం ప్రతిరక్షకాలు తయారుచేసుకుని చాలావరకు బయటపడుతుంది. రెండు కోళ్లలోనూ అదే వైరస్, అవే కణాలు. తేడా అంతా సోకిన వేళలోనే ఉంది.

లింఫాయిడ్ ల్యూకోసిస్‌లో కణితిగా మారేవి బర్సాలోని బి కణాలు. వైరస్ తన జన్యువును కోడి మైక్ జన్యువు పక్కన చొప్పించడంతో ఆ జన్యువు ఆగకుండా పనిచేయడం మొదలుపెడుతుంది. ఈ విషయం 1981లో బయటపడింది. చిన్నప్పుడే బర్సాను తీసేస్తే ఈ జబ్బు రాదు. మారెక్స్‌కు బర్సా తీసేయడం విరుగుడు కాదు. శవపరీక్షలో రెండు జబ్బులను విడదీయడానికీ బర్సాయే ఒక ఆధారం. ల్యూకోసిస్‌లో బర్సాలో గడ్డలుంటాయి, నరాలు బాగుంటాయి, కోడి వయసు సాధారణంగా పద్నాలుగు, పదహారు వారాలు దాటి ఉంటుంది. మారెక్స్‌లో నరాలు ఉబ్బుతాయి, బర్సా చాలాసార్లు ఎండిపోయి ఉంటుంది, వయసు అంతకన్నా తక్కువ ఉండవచ్చు.

1988లో ఇంగ్లండులో బ్రాయిలర్ జాతి కోళ్ల నుంచి జె అనే కొత్త ఉపవర్గం వెలుగు చూసింది. ఇది ఎముక మజ్జలోని కణాలను పట్టుకుంటుంది. 1990ల్లో ప్రపంచమంతటా బ్రాయిలర్ బ్రీడర్ మందలను కుదిపింది. ల్యూకోసిస్‌కు వాడుకలో టీకా లేదు. బ్రీడర్ మందల్లో పి27 అనే వైరస్ ప్రోటీన్‌ను తెల్లసొనలోనో, మలద్వారం దగ్గర తీసిన నమూనాలోనో ఎలిసా పరీక్షతో వెతికి, వైరస్ విడిచే పెట్టలను ఏరేయడం ఒక్కటే దారి. రాజేంద్రనగర్ డైరెక్టరేట్ కూడా తన మూల వంశాల్లో ఈ పరీక్షలు చేస్తోంది. ఆ పని పేపర్లలో పెద్దగా రాదు గానీ, ఊళ్లకు చేరే పిల్ల ఆరోగ్యానికి పునాది అక్కడే పడుతుంది.

హ్యాచరీలకు తెలిసిన ఒక చిక్కు ఇక్కడ చెప్పాలి. రెక్క ఈకల పొడవు చూసి ఒకరోజు పిల్లల్లో పుంజునూ పెట్టనూ వేరుచేసే పద్ధతి చాలా జాతుల్లో ఉంది. అందుకు వాడే నెమ్మదిగా ఈకలొచ్చే గుణానికి ఆనుకుని, కోడి క్రోమోజోమ్‌లోనే పాతుకుపోయిన ఒక పాత వైరస్ భాగం ఉంటుంది. అది ఉన్న తల్లుల పిల్లలకు ల్యూకోసిస్ వైరస్ మీద రోగనిరోధక స్పందన మందగించవచ్చు. సౌలభ్యం కోసం ఎంచుకున్న గుణం రక్షక కణాలను మొద్దుబార్చే సందర్భమిది.

మూడోదైన రెటిక్యులోఎండోథీలియోసిస్ వైరస్ గురించి క్లుప్తంగా చెబితే చాలు. 1958లో టర్కీ కోడి నుంచి దొరికిన దీని టి రకంలోని రెల్ జన్యువు, రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచే ఎన్‌ఎఫ్-కప్పాబి కుటుంబానికి చెందినది. ఈ వైరస్ కణితుల కంటే ఎక్కువగా రోగనిరోధక శక్తిని కుంగదీయడం ద్వారా నష్టం చేస్తుంది. కోళ్ల మశూచి వైరస్‌లో దీని జన్యుభాగం కలిసిపోయి ఉండటం, కొన్ని టీకాల్లో ఇది కల్తీగా దొరకడం టీకా తయారీదారులకు పెద్ద హెచ్చరిక అయ్యాయి.

టీకా ఇచ్చిన రక్షణ, ఇవ్వని రక్షణ

1969లో హౌటన్ బృందం బలహీనపరచిన మారెక్స్ వైరస్‌తో టీకా తయారుచేసింది. ఏ జీవిలోనైనా క్యాన్సర్‌ను అడ్డుకున్న తొలి టీకా అదే. మరుసటి ఏడాది అమెరికాలో టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్ టీకాగా మారింది. హెచ్‌విటి అని పిలిచే ఇది టర్కీలోనూ కోడిలోనూ కణితి కలిగించదు. 1972లో నెదర్లాండ్స్‌లో బార్ట్ రిస్పెన్స్ మరింత బలమైన టీకాను వెలువరించాడు. దాని వైరస్ రకం పేరు సివిఐ988. ఈస్ట్ లాన్సింగ్‌లో పనిచేసిన భారతీయ సంతతి శాస్త్రవేత్త జగ్‌దేవ్ శర్మ, సహచరుడు బర్మెస్టర్‌తో కలిసి 1982లో గుడ్డులోని పిండానికే టీకా వేసే పద్ధతిని చూపించాడు. 18వ రోజు గుడ్డుకు యంత్రంతో టీకా ఎక్కించే ఇప్పటి హ్యాచరీ పద్ధతికి మూలం అదే.

ఈ టీకాలు ప్రధానంగా కణ సంబంధమైన రక్షణను లేపుతాయి. సహజ హంతక కణాలు, సిడి8 టి కణాలు ముందుగానే సిద్ధమై తొలి వైరస్ విజృంభణను తగ్గిస్తాయి. దాంతో నిద్రావస్థలోకి వెళ్లే టి కణాల సంఖ్య పడిపోతుంది, కణితికి అవకాశం సన్నగిల్లుతుంది. కానీ టీకా వేసిన కోడికి కూడా అసలు వైరస్ సోకుతుంది. దాని ఈకల మొదళ్లలో వైరస్ పెరుగుతుంది, పొట్టుగా రాలుతుంది. టీకా జబ్బును ఆపుతుంది, అంటును ఆపదు. మారెక్స్ టీకాల గురించి గుర్తుంచుకోవాల్సిన ప్రధాన సంగతి ఇదే.

దాని పర్యవసానం 2015లో ప్రయోగపూర్వకంగా స్పష్టమైంది. ఆండ్రూ రీడ్, బ్రిటన్‌లో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త వేణుగోపాల్ నాయర్ తదితర పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, అత్యంత తీవ్రమైన వైరస్ రకాలు టీకా లేని కోళ్లను పది రోజుల్లోనే చంపేశాయి. కోడితోపాటే వైరస్ వ్యాప్తీ ఆగింది. టీకా వేసిన కోళ్లు బతికాయి, వారాల తరబడి ఆ తీవ్ర వైరస్‌ను వెదజల్లాయి. గడిచిన అరవై, డెబ్బై ఏళ్లలో మారెక్స్ వైరస్ స్వల్పం నుంచి తీవ్రం, అతి తీవ్రం, ఆపైన మరో మెట్టు దాకా ఎదిగింది. వేల కోళ్లను ఒకచోట కుక్కిపెట్టే పెంపకం, అసంపూర్ణ టీకా రెండూ దానికి తోడ్పడి ఉంటాయన్న వాదనకు ఈ ప్రయోగం బలమిచ్చింది. టీకా వద్దనడానికి దీన్ని వాడుకోవడం తప్పు. టీకా లేని పిల్లకు ఇప్పటి వైరస్ ముందు నిలిచే అవకాశం మరీ తక్కువని కూడా ఇదే ప్రయోగం చెబుతోంది.

2023లో పాత కోడి ఎముకల నుంచి తీసిన మారెక్స్ వైరస్ జన్యువుల అధ్యయనం వెలువడింది. ఐరోపా, పశ్చిమాసియా తవ్వకాల్లో దొరికిన ఎముకల్లో కొన్ని సుమారు వెయ్యేళ్ల నాటివి. ఆ కాలపు వైరస్ కోళ్లకు సోకేది గానీ దాని మెక్ జన్యువు ఇప్పటిలా పనిచేసేది కాదు. కణితులు కలిగించే ఈ స్వభావం ఇటీవలిదే అన్నమాట.

ఇక్కడి షెడ్డు, ఇక్కడి పెరడు

భారతదేశంలో మారెక్స్ టీకా ఒకరోజు వయసులో, మెడ చర్మం కింద 0.2 మిల్లీలీటర్లు వేస్తారు. వనరాజ, గ్రామప్రియ పిల్లలకు డైరెక్టరేట్ సూచించే పట్టికలో మొదటి వరుస ఇదే. తర్వాతే కొక్కెర తెగులు, గంబోరో టీకాలు వస్తాయి. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, సివిఐ988 వంటి టీకాల్లో వైరస్ బతికున్న కణాల లోపల ఉంటుంది. దాన్ని సున్నాకు 196 డిగ్రీల దిగువన ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచాలి, కరిగించాక గంటలోపు వాడేయాలి. పొడిగా దొరికే హెచ్‌విటిని ఫ్రిజ్‌లో ఉంచవచ్చు గానీ ఒక్క హెచ్‌విటి అతి తీవ్ర రకాల ముందు నిలవదు. రెండు, టీకా పనిచేయడానికి కనీసం వారం పడుతుంది. ఆ వారంలో పాత బ్యాచ్ దుమ్ము పిల్ల ముక్కులోకి వెళ్తే టీకా కంటే వైరస్ ముందుంటుంది. షెడ్డు దుమ్ములో ఈ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది.

మన దేశంలో టీకా వేసిన మందల్లోనూ మారెక్స్ వచ్చిన ఉదంతాలు తమిళనాడు నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ నమోదయ్యాయి. ప్రతిసారీ టీకాను నిందించడం సరికాదు. బర్సాను దెబ్బతీసే గంబోరో, థైమస్‌ను దెబ్బతీసే చికెన్ ఎనీమియా వైరస్ ముందే సోకితే టీకా లేపాల్సిన కణాలే మిగలవు. బూజు మేతలోని అఫ్లాటాక్సిన్ కూడా అదే పని చేస్తుంది. వానాకాలంలో తడిసిన మొక్కజొన్న వాడే చోట దీన్ని తేలికగా తీసుకోకూడదు.

నాటుకోడికి ఈ జబ్బులు రావన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. అది నిజం కాదు. దేశీ జాతుల్లో బి కాంప్లెక్స్ వైవిధ్యం ఎక్కువ. కాబట్టి మందలో కొన్ని కోళ్లు తట్టుకుంటాయి, అన్నీ కాదు. ఆ వైవిధ్యమే మన దగ్గరున్న ఆస్తి. ఒకే వంశపు కోళ్లతో లక్షల షెడ్లు నింపిన పెంపకానికి రేపు కొత్త రకం వైరస్ వస్తే, వెతుక్కోవాల్సింది అసీల్, ఘాగస్ వంటి జాతుల్లోనే. జన్యు సవరణతో ల్యూకోసిస్ జె వైరస్‌కు తలుపు తీసే ప్రోటీన్‌ను మార్చి, తట్టుకునే కోళ్లను చెక్ శాస్త్రవేత్తలు 2020లో పుట్టించారు. ఆ దారి మన రైతు దాకా రావడానికి ఇంకా కాలం పడుతుంది. దేశీ జాతులను కాపాడుకోవడం మాత్రం ఈరోజే చేయగల పని.

రావిర్యాల చుట్టుపక్కల పెరట్లో పది కోళ్లు పెంచేవారైనా, కొత్తూరు వైపు పదివేల లేయర్లు పెంచేవారైనా పిల్లలు కొనేటప్పుడు హ్యాచరీని ఒక మాట అడగాలి: మారెక్స్ టీకా ఏ రకం వేశారు, ఏ రోజు వేశారు? రసీదు మీద రాయించుకోవాలి. పాత లిట్టర్‌ను పూర్తిగా తీసి, కడిగి, ఆరబెట్టాకే కొత్త పిల్లలను దింపాలి. వేర్వేరు వయసుల కోళ్లను ఒకే షెడ్డులో కలపకూడదు. కాళ్లు పడిపోయిన కోడి కనిపిస్తే కోసి పారేయకుండా పశువైద్యుడికి చూపించాలి. ఆ ఒక్క కోడి నరం, బర్సా చూస్తే మిగతా మంద సంగతి తెలుస్తుంది.